దొంగ అన్న ఒక్క మాట

ఆ పాట నేను మొదటిసారి విన్నది ఎమ్మిగనూరు పోయే బస్సులో, నిలబడి. ఒక చేత్తో పైనున్న కమ్మీ, ఇంకో చేతిలో ఫోను. గిటారు మోత కాసేపు సాగి, ఒక మగ గొంతు మొదలైంది. మా ఊరి మాట, మా ఊరి యాస. తర్వాత ఈ లైను వచ్చింది:

గేటు దాటల్లంటే చేతులెత్తల్ల, మాయమ్మ దొంగ, మబ్బులు మోసిన దొంగ.

పాట ఆపేశాను. మళ్లీ మొదటినుంచి పెట్టాను. సగం దారి దాటేదాకా ఆ ఒక్క లైనే వెనక్కి జరుపుకుంటూ విన్నాను. పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన నా ముఖం చూసి, "ఏంమా, ఇంటికాడ ఏమన్నా అయిందా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోవడం కాదు. మా ఇంటి సంగతి ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు పాడుతున్నాడు.

మాది ఆదోని. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. పోను గంట, రాను గంట, ఆ రెండు గంటలూ చెవుల్లో రాక్ సంగీతం ఉంటుంది. ఈ పిచ్చి ఇంటర్ చదివేటప్పుడు పట్టింది. మా చర్చికి క్రిస్మస్ కూడికల కోసం బయటినుంచి వచ్చిన బృందంలో ఒకతను ఎలక్ట్రిక్ గిటారు తెచ్చాడు. తీగ మీద అతని చెయ్యి పడగానే నేను కూర్చున్న బెంచీ అదిరింది. పెద్దవాళ్లు కొందరు చెవులు మూసుకున్నారు. నేను లేచిపోయి స్పీకరు పక్కన కూర్చున్నాను. ఇప్పటికీ అక్కడినుంచి లేవలేదనే అనుకోవచ్చు.

మా అమ్మ ఆదోనిలోనే ఒక పత్తి జిన్నింగు మిల్లులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసింది. గింజలున్న పత్తిని యంత్రానికి అందించడం ఆమె పని. యంత్రం గింజను ఒక పక్కకు, దూదిని ఒక పక్కకు వేరుచేసేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ కనుబొమలు తెల్లగా ఉండేవి. పని దిగి బయటికి వచ్చే ఆడవాళ్లను, చీరలో పత్తి దాచుకున్నారేమోనని గేటు దగ్గర తడిమి చూసి వదిలేవాళ్లు. అది మాకు లీలగా తెలుసు. అమ్మ ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు. ఆలస్యమైన రోజు "గేటు కాడ లేటయింది" అనేది, రొట్టెల పిండి ముందుకు లాక్కునేది. అంతే.

అందుకే ఆ లైనులో మబ్బులంటే పత్తి అని నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

పాట కట్టినవాళ్లు ముగ్గురు, ముగ్గురూ ఎమ్మిగనూరులో ఉంటారు. పాడేవాడు దేవనకొండ వైపు ఊరివాడు, కూలీల ఇంటి కొడుకు, ఎరువుల అంగట్లో పని. గిటారు వాయించేవాడిది చేనేత కుటుంబం. డ్రమ్ములు వాయించేవాడు వారంలో ఆరు రోజులు మంత్రాలయంలో యాత్రికుల కోసం ఆటో నడుపుతాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. బస్సులో నిలబడ్డ ఆ పొద్దున వాళ్లు నాకు ఒక గొంతు, ఒక గిటారు, ఒక డ్రమ్ము.

ఆదోనిలో రాక్ వినేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కొద్దిమందీ ఆదివారం మధ్యాహ్నం ఒకే చోట ఉంటారు. అది ఒక మైక్‌సెట్టు అంగడి మేడ. పెళ్లిళ్లకు, సభలకు మైకులు, స్పీకర్లు బాడుగకు ఇచ్చే అన్న ఒకాయన ఉన్నాడు. ఆయనకు యాభై దగ్గర పడుతోంది. కింద అంగడి, పైన స్పీకర్లు సర్దే పెద్ద గది. చర్చిలో స్త్రీల కూడికకు మైకు కావాలని నేను ఒకసారి అక్కడికి పోయాను. ఆయన పైన కొత్త స్పీకర్లు పరీక్షిస్తూ నాకు తెలిసిన పాటే ఒకటి పెట్టాడు. మెట్ల మీదే నిలబడి విని, "అన్నా, బేసు సౌండు ఎక్కువైంది. గొంతు మునిగిపోతాండాది, కొంచెం తగ్గించు" అన్నాను. ఆయన తగ్గించాడు. విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మైకు సంగతి మల్లా సూద్దాం. కూర్చోమా" అన్నాడు. మూడేళ్లుగా కూర్చుంటూనే ఉన్నాను. ఆ గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో నేను వస్తే కొంచెం సర్దుకుని కూర్చునేవాళ్లు. ఇప్పుడు బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పి, బజ్జీలన్నీ అయిపోయాక నాకు చెప్తారు.

అక్కడికి ఎప్పుడూ తప్పకుండా వచ్చేవాళ్లలో ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే సారు. రెండోవాడు మార్కెట్ యార్డులో పత్తి దలాలీ చేసే ఇంటివాడు. ముప్పై దాటలేదు, నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. గిటారు గురించి అతనికి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు.

పాట బయటికి వచ్చిన పది పదిహేను రోజుల్లో ఆదోనిలో చాలా ఫోన్లలో తిరిగింది. రాక్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా విన్నారు, దొంగ అన్న మాట కోసం విన్నారు. కన్నతల్లిని దొంగ అంటాడా అని కొందరు తిట్టారు. కష్టం చేసుకునే ఆడవాళ్లకు అవమానమని కొందరు. పత్తి మండీలవాళ్లు ఊరి పరువు పోయిందన్నారు. ఎరువుల అంగడికి పోయి పాడే అతన్ని నిలదీసినవాళ్లూ ఉన్నారట. ఆ ముగ్గురూ భయపడ్డారు. పాట తీసేసి, వారంలో రెండోది పెట్టారు. అంతా అదే, ఒక్క మాట మారింది. మాయమ్మ దొర, మబ్బులు మోసిన దొర.

ఇప్పుడు మాలాంటివాళ్లు తిట్టారు. పిరికివాళ్లన్నారు. మళ్లీ నెలకు మూడోది వచ్చింది. ఇది బెంగళూరులో ఎవరో స్నేహితుడు మిక్సు చేసింది. గిటారు మోత బాగా పెరిగింది, డ్రమ్ములకు బరువు వచ్చింది. ఆ మాట దగ్గరకు వచ్చేసరికి గొంతు "దొ" అంటుంది, అంతలో గిటారు కీచుమని దాని మీద పడుతుంది. మిగతాది ఏమన్నాడో వినిపించదు. దొంగా, దొరా, ఎవరికి కావలసింది వాళ్లు వినుకోవచ్చు.

ఇక ఆ మేడ మీద మా కొట్లాట మూడు ఆదివారాలు నడిచింది. మూడో మిక్సులో ఉన్నది ఏ మాట? సారు వాదన సున్నా మీద. "దొంగలో సున్నా ఉంది. ముక్కుతో పలకాలి. అతని ముక్కు పలికింది. నాకు స్పష్టంగా వినపడింది" అంటాడు.

"సారూ, అది గిటారు ముక్కు" అన్నాడు తమ్ముడు. "ఆ తీగను అట్ల వంచితే అదే సప్పుడొస్తాది. దొర అనే పాడినాడు."

అన్న ఈక్వలైజరు ముందు కూర్చుని ఒక్కొక్క మీటా పైకీ కిందికీ జరిపి, గిటారును తగ్గించి గొంతును బయటికి లాగాలని చూశాడు. గొంతుతో పాటు గిటారూ వచ్చింది, గిటారుతో పాటు గొంతూ పోయింది. ఆ రెండు క్షణాల ముక్కను మేము ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. వినేకొద్దీ సారుకు సున్నా పెద్దదైంది, తమ్ముడికి మాయమైంది. నాకు ఒకసారి ఉన్నట్టు, ఒకసారి లేనట్టు.

మూడో ఆదివారం తమ్ముడు ఇంకో మాట అన్నాడు. "అసలు ఆ పాటే అబద్ధమక్కా. మన ఆదోని మిల్లుల్లో ఆడోళ్లను యాడ తడిమినారు? మా తాత కాలం నుంచి పత్తిలోనే ఉండాము, నేనెప్పుడూ ఇన్లేదు. దొంగ అని మనమే పాడి, మన ఆడోళ్లకు మనమే పేరు పెడ్తాండాము. దొర అనేదే మర్యాద."

అతని మాటలో చెడ్డ ఉద్దేశం లేదు. నిజంగానే మర్యాద కోసం మాట్లాడుతున్నాడు. అదే నాకు మింగుడుపడలేదు. మూడేళ్లుగా ఆ గదిలో నేను ల్యాబులో పనిచేసే అక్కను. మా అమ్మ ఏం చేసేదో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అవసరం రాలేదని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆ రోజు తెలిసింది, అవసరం రాకపోవడం కాదు, దాచానని.

"మాయమ్మ జిన్నింగు మిల్లులో పనిచేసింది తమ్ముడూ" అన్నాను. "రోజూ తడిమినారు."

అన్న పాట ఆపేశాడు. "నాకు తెలీదక్కా" అన్నాడు తమ్ముడు. తర్వాత, "ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఆయమ్మకు ఈ పాట ఇనిపించినావా?" అన్నాడు.

లేదు. రెండు నెలలుగా నేనే వింటున్నాను, మేమే కొట్లాడుకుంటున్నాం. అమ్మకు వినిపించాలన్న ఊహ కూడా నాకు రాలేదు.

"మనమింతమందిమి కొట్లాడ్తాండాము" అన్నాడు అతను. "ఆయమ్మనే అడిగింటే సరిపోతాండె."

ఆ సాయంత్రం అమ్మ జొన్నరొట్టెలు తడుతుంటే పక్కన కూర్చుని సంగతి చెప్పాను. పాటలో దొంగ అన్న మాట ఉందని కూడా చెప్పాను. ఆమె రొట్టె పెనం మీద వేసి, తడిచెయ్యి దాని మీద తిప్పి, "ఫోన్లో ఇనిపీ" అంది.

"ఫోన్లో కాదుమా, పెద్ద స్పీకర్లో ఇనల్ల."

"పాట ఇనేదానికి అంగడికి రావల్లనా?"

"రావల్ల" అన్నాను. ఆమె నా ముఖం ఒకసారి చూసి, సరేనంది.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చికి కట్టుకున్న చీరతోనే నా వెంట వచ్చింది. మెట్లు ఎక్కడానికి మోకాళ్లు సహకరించలేదు, రెండు చోట్ల ఆగింది. గదిలోకి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. అన్న తన కుర్చీ ఇచ్చాడు. తమ్ముడు మంచినీళ్లు తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. అమ్మ ఆ స్పీకర్లన్నిటినీ కింది నుంచి పైదాకా చూసి, "ఇంతింత పెట్టెలు యాల?" అంది.

"గట్టిగా ఇనపడేదానికమ్మా" అన్నాడు అన్న.

"మిల్లులో ఇరవయ్యేండ్లు గట్టిగానే ఇన్నాను. పెట్టుప్పా."

మొదటిది పెట్టాడు, మార్చకముందు ఉన్నది. నేను అమ్మ ముఖమే చూస్తూ ఉన్నాను. దొంగ అన్న మాట వచ్చినప్పుడు ఆమె కళ్లు కదల్లేదు. పాట అయిపోయాక మేమందరం ఆ మాట గురించి ఏమంటుందోనని ఎదురుచూస్తుంటే, ఆమె డ్రమ్ముల సంగతి ఎత్తుకుంది.

"యంత్రం మాదిరి కొట్టల్లని సూసినాడు గదా ఎనకాల? యంత్రం ఇట్ల కొట్టదు."

అన్న ముందుకు వంగాడు. "మరి యట్ల కొడ్తాదమ్మా?"

పక్కన ఖాళీ స్పీకరు పెట్టె ఒకటి ఉంది, చెక్కది. అమ్మ అరచేత్తో దాని మీద కొట్టింది. మూడు దెబ్బలు గట్టిగా, నాలుగోది సగంలో మింగేసి, వెంటనే మళ్లీ మూడు. "నా యంత్రం ఇట్ల కొడ్తాండె. నాలుగోది కుంటుతాండె. ఎన్నిసార్లు బాగు సేసినా అంతే. ఆ కుంటేదాన్ని బట్టే పత్తి అందిస్తాంటి, ల్యాకపోతే వేళ్లు పోతాయి."

కొడుతూనే మాట్లాడుతోంది, దెబ్బ ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. డ్రమ్ములు, తాళాలు అంటూ ఏళ్లుగా అరిచిన మేమందరం నోరు మూసుకుని విన్నాం. మా అమ్మ చేతిలో అంత లెక్క ఉందని నాకు ఆ రోజుదాకా తెలియదు. అన్న ఫోను చేతిలోకి తీసుకుని, "రికార్డు సేసుకుంటానమ్మా, మల్లొకసారి కొడ్తావా?" అన్నాడు.

"సేసుకోప్పా. నాదేం పోతాది?"

రెండోది విన్నప్పుడు మాత్రం ఆమె నవ్వింది. "దొర అంటాడే? మమ్మల్ని ఎవురూ అట్ల అన్లేదులే." మూడోది అయ్యాక, "ఇది ఏందో అరిసి మాటను తినేసింది" అంది. సారు సున్నా సంగతి అడుగుదామని నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

తమ్ముడే అడిగాడు. "అమ్మా, దొంగ అంటే నీకు బాదగా లేదా? తీసేస్తే మేలు గదా అని నా మాట."

అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు చెప్పింది, నాకు కూడా ఎన్నడూ చెప్పనిది.

"కొత్తగా ఒక సూపరవైజరు వచ్చినాడప్పా. ఒకనాడు సాయంత్రం గేటు కాడ నన్ను నిలబెట్టి కొప్పు విప్పమన్నాడు. మగోళ్లందరూ బయటికి పోతాండారు, సూస్తాండారు. విప్పినా. ఏముంటాది? దూదిపింజ రోంత అంటుకోనుండాది. దాన్ని రెండేళ్లతో పట్టుకోని పైకెత్తి, ఇదేంది అన్నాడు. నేను మాట్లాడ్లేదు. ఇంటికొచ్చినా, రొట్టెలు సేసినా, ఈ పాపకు పెట్టినా."

నా వైపు చూపించింది. ఆ సాయంత్రం ఏదో నాకు గుర్తు లేదు. ఎన్నో సాయంత్రాల్లో అదొకటై ఉంటుంది.

"మర్సనాడు బువ్వ తినేటప్పుడు మా ఆడోళ్లకు సెప్పినా. ఆ మర్సనాడు అందరమూ దువ్వెన్లు తెచ్చుకుంటిమి. సాయంత్రం పని దిగి గేటు కాడికి పోయి, ఎవురూ అడక్కముందే కొప్పులు విప్పితిమి. ఆడ్నే నిలబడి దువ్వుకుంటిమి, నిమ్మళంగా. తొందర లేదు మాకు. దూదంతా గేటు కాడ రాల్తాండాది. బయట పత్తి లారీలు నిలబడిపోయినాయి, లోపలికి రానీకి దారి లేదు. సూపరవైజరు అరిసినాడు. మాలో ఒగామె, ఇదో మీ పత్తి, ఏరుకో అనింది. ఆకర్న మిల్లు షావుకారే వచ్చినాడు. వచ్చి అందర్నీ సూసినాడు. ఇంగ ఎవురి తలకాయా ముట్టగూడదు అని సెప్పి లోపలికి పోయినాడు."

"తడిమేది గూడా నిలిపినారా?" అని అడిగాడు సారు.

"కొన్నాళ్లు నిలిపినారు. మల్లా మొదలుపెట్టినారు. కొప్పు జోలికి మాత్రం రాలేదు, నేను పని మానే దంకా."

అమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వడిగిందానికి సెప్తా ఇను. వాళ్లు మమ్మల్ని దొంగలనే సూసినారు. ఆ మాట తీసేస్తే మాకు జరిగిందంతా తీసేసినట్టే. దొర అని పాడితే, ఇనేటోళ్లు మేమేదో సుకంగా ఉంటిమి అనుకుంటారు. దొంగ అనే పాడనీ. సిగ్గు అన్నోళ్లకి గాని మాకేంది?"

తమ్ముడి గొంతు తగ్గింది. "ఆ మిల్లు మా బంధువులదేమోనమ్మా."

"మీది కాదులేప్పా. అది మూసి శానా ఏండ్లాయ. మీదైతే మాత్రం నీ తప్పేముంది, నువ్వప్పటికి పుట్టింటే గదా."

కిందికి దిగేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని తమ్ముడే మెట్లు దింపాడు. నేను వెనకాల దిగుతున్నాను. అంగడి ముందు ఆటో కోసం నిలబడినప్పుడు నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఆ బజారులో పోయేవాళ్లందరినీ ఆపి, ఈమె మా అమ్మ అని చెప్పాలనిపించింది.

అమ్మ కొట్టిన దెబ్బల రికార్డును అన్న ఆ ముగ్గురికీ పంపాడు. తర్వాతి ఆదివారం వాళ్లే వచ్చారు, ఎమ్మిగనూరు నుంచి డ్రమ్ములతని ఆటోలో. పాడే అతను నేను అనుకున్నంత పెద్దవాడు కాదు, సన్నగా, మాట తక్కువ. అమ్మ ముందు నేల మీద కూర్చుని, "తప్పుగా రాసింటే సెప్పమ్మా. మా అవ్వ ఆదోనికి వచ్చి మిల్లులో కొన్నాళ్లు పనిచేసిందంట. చేతులెత్తి నిలబడేవాళ్లమని సెప్తాండె. అవ్వనే పాటలో అమ్మను సేసినా. అంతే తెలుసు నాకు" అన్నాడు.

"తప్పేం లేదు నాయనా" అంది అమ్మ. "భయపడి మార్సినావు సూడు, అదొక్కటే తప్పు."

అతను తల ఊపాడు. డ్రమ్ములతను ఆ చెక్కపెట్టె ముందేసుకుని నాలుగో దెబ్బ దగ్గర పదేపదే తడబడ్డాడు. మింగడం అతనికి రాలేదు, దెబ్బ మానేస్తున్నాడు. అమ్మ అతని మణికట్టు పట్టుకుంది. "మానేది కాదు. కొట్టబోయి ఆగల్ల. ఇదో, ఇట్ల." అరగంటకు అతనికి పట్టుబడింది. అయినా లేచి, "మాకంటే నువ్వు కొడితేనే బాగుంటాదమ్మా. నువ్వే రా" అన్నాడు.

అలా మా అమ్మ ఎమ్మిగనూరు పోయి రికార్డింగులో కూర్చుంది. స్టూడియో అంటూ ఏమీ లేదు. గిటారు అతని ఇంట్లో మగ్గం ఉన్న గది, గోడలకు దుప్పట్లు కట్టారు. అది నేతగాళ్ల వీధి, నాలుగు వైపులా మగ్గాల చప్పుడు. గిటారు అతని నాయన ఇల్లిల్లూ తిరిగి, ఒక గంటసేపు మగ్గాలు ఆపండని అడిగాడు. అందరూ ఆపారు. ఆపి ఊరుకోకుండా వచ్చి బయట అరుగుల మీద కూర్చున్నారు, ఏం జరుగుతుందో చూద్దామని. లోపల అమ్మ చెక్కపెట్టె ముందు కూర్చుంది. మొదటిసారి కొడుతున్నప్పుడు మధ్యలో దగ్గు వచ్చింది. మిల్లు ఇచ్చిన దగ్గు అది, ఎప్పటికీ పోదు. పాడే అతను మళ్లీ చేద్దామన్నాడు. రెండోసారి దగ్గు రాలేదు. మూడోసారి కూడా కొట్టమంటే, "రెండోది బాగుండాది. ఇంగ సాలు" అని లేచింది. వాళ్లు విని చూసుకున్నారు. ఆమె చెప్పిందే నిజం.

నాలుగో మిక్సులో మాట మళ్లీ దొంగ అయింది. గిటారు దాని మీద పడకుండా పక్కకు జరిగింది. చివర్లో కొప్పులు విప్పి దువ్వుకున్న ఆడవాళ్ల మీద నాలుగు లైన్లు కొత్తగా చేరాయి. మేడ మీద మొదటిసారి పెట్టి విన్నప్పుడు సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అంతటితో వాదులాట అయిపోయిందనుకుంటే పొరపాటు. తమ్ముడికి ఇప్పటికీ గిటారు మాటకొస్తే మూడోదే గొప్ప. మాట నాలుగోది ఉండాలి, గిటారు మూడోది ఉండాలి అంటాడు. సారు కొత్త లైన్లలో ఒకచోట ప్రాస కుదరలేదంటాడు. అన్నకు మొదటిదే ఇష్టం, అందులో పచ్చిదనం ఉందట. వాళ్లతో నేను గొంతు చించుకుని నాలుగోదే అంటాను, నాకు అందులో స్వార్థం ఉందని వాళ్లు నవ్వుతారు. ఉంది మరి. ఫోన్లో పాట కింద కామెంట్లలో ఎవరో, ఏ ఊరివాళ్లో, డ్రమ్ములు బాగున్నాయి గానీ వెనకాల చెక్క మీద కొట్టేవాళ్లకు తాళం రాదు, ప్రతి నాలుగో దెబ్బా తప్పుతోంది అని రాశారు. నేను బస్సులో కూర్చుని జవాబు రాశాను. అది తప్పడం కాదండీ, ఒక యంత్రం అలాగే కొట్టేది, దాని ముందు ఇరవై ఏళ్లు నిలబడినావిడ కొడుతోంది, ఆమె మా అమ్మ. పంపే ముందు చివరి మాట ఒకసారి చదువుకున్నాను. తీసేయాలనిపించలేదు.

మొన్న వేసవి చివర్లో ఆదోనిలోనే ఒక ఫంక్షను హాలులో సాయంత్రం వాళ్ల కచేరీ జరిగింది. మైకులు, స్పీకర్లు అన్నవే. అమ్మ వారం ముందునుంచి తనతో పనిచేసినవాళ్లను వెతుక్కుంటూ తిరిగింది. కొందరు లేరు. ఒకామె కొడుకు దగ్గరికి గుంతకల్లు పోయింది. చివరికి నలుగురు దొరికారు. అమ్మతో కలిపి అయిదుగురూ ముందు వరుసలో కూర్చున్నారు, కొంగులు నిండుగా కప్పుకుని. వాళ్ల వెనకంతా ఎగిరే కుర్రకారు. పాట మొదలై, గేటు లైను వచ్చేసరికి ఆ కుర్రవాళ్లందరూ ఒక్కసారిగా చేతులు పైకెత్తారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లకే తోచింది. ఆ అయిదుగురూ వెనక్కి తిరిగి చూశారు. హాలు నిండా చేతులు.

పాట అయ్యాక పాడే అతను వేదిక దిగి వచ్చి, మైకు వాళ్ల ముందు పెట్టాడు. "అమ్మా, ఇందులో ఏ మాటన్నా మీకు సరిపోకపోతే ఇప్పుడే సెప్పండి, మారుస్తాము." అమ్మ పక్కనున్నామె, గేటు దగ్గర ఏరుకో అన్నామె ఆమేనట, మైకు అందుకుంది. "మాట సరిగానే ఉండాది. సప్పుడు రోంత తగ్గించుకోండి, సెవులు పోతాండాయి" అంది. హాలంతా నవ్వింది. నవ్వు సగంలోనే చప్పట్లయింది, చాలాసేపు ఆగలేదు. వెనక గోడ దగ్గర స్పీకరు పక్కన నిలబడ్డ అన్న మీట కొంచెం కిందికి జరపడం నేను చూశాను.

ఇంటికి షేర్ ఆటోలో వచ్చాం. అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది, చప్పట్లు కొట్టి ఇంకా వెచ్చగా ఉంది. ఎదురు సీట్లో కూరగాయల బుట్ట పెట్టుకుని కూర్చున్న ఒకామె, "పెండ్లికి పోయింటిరా అక్కా?" అని అడిగింది.

"లేదుమా, పాటకు పోయింటిమి" అంది అమ్మ.

"ఎవురిది పాట?"

అమ్మ కొంగు సరిచేసుకుంది. "మాదే" అంది.